మెట్ల కింది సర్వర్

“నువ్వేమన్న ముట్టినవా?”

సోమవారం పొద్దున రమాకాంత్ హాల్లోంచి భార్యను అడిగిన మొదటి మాట ఇది. వినోద ఒక పొయ్యి మీద ఉప్మాకు ఎసరు పెట్టి, రెండో పొయ్యి మీద పాలు పొంగకుండా చూస్తోంది. ఏం చెడిపోయిందో ఆమెకు ఇంకా తెలియదు. ఆ ఇంట్లో ఏది ఆగిపోయినా ముందు వచ్చేది ఆ ప్రశ్నే. మిక్సీ ఆగినా, నీళ్ల మోటారు ఎక్కకపోయినా, టీవీలో బొమ్మ రాకపోయినా అంతే. పదహారేళ్లుగా వినీ వినీ ఆమె ఒక సంగతి కనిపెట్టింది. ఇంట్లో ప్రతి వస్తువునూ రోజూ తుడిచేది, దులిపేది, జరిపేది తనే కాబట్టి ఆ ప్రశ్నకు నిజమైన జవాబు ఎప్పుడూ ‘ముట్టిన’ అనే. అందుకే జవాబు చెప్పడం మానేసింది.

“ఏమైంది?” అంది పాలు దించుతూ.

“సర్వర్ దొరుకుతలేదు. నిన్న గాలిదుమారానికి కరెంటు పోయింది గద, అప్పటి సంది. స్టూడియోల కంప్యూటర్ల ఒక్క ఫొటో తెరుసుకుంటలేదు.”

వాళ్లది కాశిబుగ్గలో రోడ్డు వైపు ఫొటో స్టూడియో, దాని వెనకే ఇల్లు. ఇంట్లో మేడ మీదికి పోయే మెట్ల కింద ఒక ఇరుకు గది ఉంది. కరోనా కాలంలో రమాకాంత్ తమ్ముడు హరికృష్ణ హైదరాబాద్ ఉద్యోగాన్ని ఇంటి నుంచే చేస్తున్నప్పుడు, ఊసుపోక ఆ గదిలో ఒక పాత కంప్యూటర్ డబ్బాను సర్వర్‌గా మార్చాడు. దాంట్లో రెండు పెద్ద డిస్కులు పెట్టాడు. ఒకదాంట్లో ఏది రాస్తే రెండోదాంట్లోకి కూడా అదే ఎక్కుతుంది, ఒకటి పోయినా ఇంకొకటి ఉంటుంది అని అందరినీ కూర్చోబెట్టి చెప్పాడు. అప్పటి నుంచి రమాకాంత్ తీసిన ప్రతి పెళ్లీ ఆ డబ్బాలోకే చేరింది. వినోద అత్తగారు సుగుణ మాత్రం దాన్ని ‘హరి డబ్బా’ అంటుంది.

డబ్బాలోకి ఆ పెళ్లిళ్లను చేర్చేది ఎవరంటే వినోద. కెమెరా కార్డులోంచి ఫొటోలు దింపుతుంది. మూడు వేల ఫొటోల్లోంచి కళ్లు మూసుకున్నవీ మసకగా వచ్చినవీ ఏరేస్తుంది. పెళ్లికూతురి మేనత్త మూడుసార్లు ఫోన్ చేసి తన ఫొటో పెద్దగా పెట్టమంటే సరేనంటుంది. ఆల్బం పేజీలు పేరుస్తుంది. కస్టమర్లు “ఎడిటింగ్ ఎవలు చేస్తరన్నా?” అని అడిగితే రమాకాంత్ “మనకు టీం ఉంది” అంటాడు. ఆ టీం ఐదింటికి లేచి వాకిలి ఊడుస్తుంది, కూతురు శ్రావణిని కోచింగ్‌కు పంపుతుంది, అత్తగారికి బీపీ గోళీ ఇస్తుంది, కుక్కర్ మూడు కూతలు కూసేలోపల తలంబ్రాల ఫొటోలకు రంగులు దిద్దుతుంది.

రమాకాంత్ తమ్ముడికి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు.

“అన్నా, బోర్డు పోయుంటది. పాతది గద” అన్నాడు హరికృష్ణ. “ఆదివారం వస్త. మొదటి డిస్కు తుడిచేసి దాంట్ల అన్నీ కొత్తగ ఎక్కిస్త. ఫొటోలు రెండోదాంట్లకెల్లి మళ్ల తెచ్చుకోవచ్చు. ఫికర్ చెయ్యకు. అప్పటిదాంక ఎవ్వలిని ముట్టనియ్యకు. వదినకు జెప్పు, గా గదిల తుడుసుడు గిడుసుడు బంద్ పెట్టమను.”

“విన్నవా?” అన్నాడు రమాకాంత్ వంటింటి వైపు తిరిగి.

విన్నది. ఆమె మనసులో మాత్రం వేరే లెక్క నడుస్తోంది. పది రోజుల కింద మరిపెడలో సౌమ్య అనే అమ్మాయి పెళ్లి జరిగింది. గురువారం సౌమ్య తల్లి సమ్మమ్మ, అన్న భానుచందర్ ఫొటోలు ఎంచుకోవడానికి వస్తున్నారు. శుక్రవారం సౌమ్య భర్తతో పుణె వెళ్లిపోతుంది. ఆదివారం దాకా ఆగడం కుదరదు.

“మరిపెడ పెళ్లి కార్డులల్ల ఉన్నదా?” అని అడిగింది.

ఉప్మా తింటున్న రమాకాంత్ చెంచా పక్కన పెట్టాడు. “లేదు. మొన్న నర్సంపేట పెళ్లికి కార్డులు తక్కువ పడితే తుడిచేసిన.”

“రెండు తావుల పెట్టినంకనే తుడువాలని నేను...”

“సర్వర్ల ఉంది గద అనుకున్న” అని అరిచాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి, “ఎవరికి తెలుసు గిట్లయితదని” అన్నాడు. ఉప్మా సగం వదిలేసి లేచాడు. మంగళ, బుధవారాలు అతనికి తొర్రూరులో పెళ్లి పని. భయంగా ఉన్నప్పుడు అతను ఎక్కువ అరుస్తాడని వినోదకు తెలుసు. ఆ అరుపు తన మీద పడినప్పుడు అది తెలిసి ఉండటం వల్ల పెద్దగా ఉపయోగం లేదనీ తెలుసు.

పెళ్లికి ముందు వినోద హన్మకొండలో ఒక కంప్యూటర్ సెంటర్‌లో రెండేళ్లు పాఠాలు చెప్పింది. బీఎస్సీ కంప్యూటర్స్ చదివింది. ఇరవై మంది పిల్లలుండే గదిలో ఎవరి కంప్యూటర్ బిగుసుకుపోయినా “మేడం!” అని చెయ్యి ఎత్తేవాళ్లు. ఆమె వెళ్లి పక్కన నిలబడి ఎప్పుడూ ఒకే మాట చెప్పేది: “భయపడకండి. ముందు చూడండి, అది ఏం చెప్తుందో చదవండి, ఒకసారికి ఒక్కటే మార్చండి.” సంబంధం కుదిరేటప్పుడు మామగారు రాజేశ్వర్ రావు “కంప్యూటర్ వచ్చిన పిల్లాయె, స్టూడియోల అక్కరకొస్తది” అన్నాడు. వినోద ఆ రోజు సంతోషపడింది. అక్కరకు రావడం అంటే ఏమిటో అప్పటికి ఆమెకు తెలియదు. కొన్నేళ్లకు మామగారు పోయారు, కెమెరాలు మారాయి, హరికృష్ణ ఇంజనీరయ్యాడు. ఇంట్లో కంప్యూటర్ వచ్చిన మనిషి అతనే అయ్యాడు. ఆమె ‘అక్కరకొచ్చే’ మనిషిగా ఉండిపోయింది. ఇదంతా ఎవరో కుట్ర పన్ని చేసింది కాదు. రోజుకింత జరిగిపోయింది.

మంగళవారం తెల్లవారగానే రమాకాంత్ తొర్రూరు బస్సెక్కాడు. పదకొండు కల్లా పనులు తెమిలాయి. హాల్లో నేల మీద పాత దుప్పటి పరుచుకుని సుగుణ తొక్కు కోసం మామిడికాయ ముక్కలు తుడుస్తోంది. వినోద శ్రావణి గదిలోంచి పాత స్క్రీనూ కీబోర్డూ ఎత్తుకొచ్చి మెట్ల కింది గది ముందు పెట్టింది.

“వద్దే వినోదా. వాడొచ్చి లొల్లి చేస్తడు” అంది సుగుణ.

“సూస్త అత్తమ్మా. అంతే. ముట్ట.”

అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు.

వినోద ముందు చూసింది. డబ్బాకు పచ్చ దీపం వెలుగుతోంది. అంటే కరెంటు అందుతోంది. లోపల ఫ్యాను తిరుగుతున్న చప్పుడూ ఉంది. అది చచ్చిపోలేదు, ఎక్కడో ఆగింది. స్క్రీన్ తగిలించింది. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు వచ్చాయి. తేదీ, సమయం పోయాయట. ముందుకు పోవాలంటే కీబోర్డు మీద ఎఫ్ వన్ నొక్కాలట. వినోద రెండుసార్లు చదువుకుని పకపకా నవ్వింది. లోపల తేదీని గుర్తుపెట్టుకునే బిళ్లంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. అది అరిగిపోయింది. నిన్నమొన్నటి దాకా కరెంటు పోయినా ఇన్వర్టర్ కాపాడింది. ఆదివారం గాలిదుమారానికి నాలుగు గంటలు పోయేసరికి ఇన్వర్టరూ చేతులెత్తేసింది. కరెంటు వచ్చాక డబ్బా లేచి, ఈ ప్రశ్న అడిగి, జవాబు కోసం కూర్చుంది. జవాబు చెప్పడానికి దానికి కీబోర్డు లేదు. అది ఏమంటున్నదో చూడటానికి స్క్రీనూ లేదు. రెండు రోజులుగా ఒక్క మీట నొక్కే మనిషి కోసం చూస్తోంది. హైదరాబాద్‌లో ఒకరు, తొర్రూరులో ఒకరు దాని బోర్డు పోయిందని తీర్మానించేశారు.

నొక్కింది. అక్షరాలు జలజలా పారాయి.

“ఏంది, నవ్వుతానవ్?” అంది సుగుణ.

“ఏం లేదత్తమ్మా. బతికే ఉంది.”

కానీ స్టూడియో కంప్యూటర్‌లో చూస్తే సర్వర్ ఇంకా కనిపించలేదు. వినోద తొందరపడలేదు. ఒక పాత నోటుబుక్కులో చేసిందీ చూసిందీ రాసుకుంది. కంప్యూటర్ సెంటర్ నాటి అలవాటు అది. వైరు సరిగ్గానే ఉంది. మొన్న శనివారం ఏం మారిందో అప్పుడు గుర్తొచ్చింది. ఇంటర్నెట్ అబ్బాయి వచ్చి పాత రౌటర్ తీసేసి కొత్తది బిగించి పోయాడు. అతనికి మంచినీళ్లు ఇచ్చింది, సంతకం పెట్టింది తనే. ఇప్పుడు డబ్బా మళ్లీ లేవగానే ఆ కొత్త రౌటర్ దానికి కొత్త నంబరు ఇచ్చింది. స్టూడియో కంప్యూటర్ పాత నంబరు పట్టుకుని వెతుకుతోంది. ఇల్లు మారిన మనిషి కోసం పాత ఇంటి తలుపు కొడుతున్నట్టు. వినోద సర్వర్‌కు పాత నంబరునే మారకుండా కట్టబెట్టింది. మళ్లీ స్టూడియోలోకి పోయి చూసింది. ఏడాది తర్వాత ఏడాది, పెళ్లి తర్వాత పెళ్లి, వరసగా తెర మీద దిగాయి. చివర్న ‘మరిపెడ, సౌమ్య’.

ఆ క్షణంలో ఆమెకు ఎవరికో ఫోన్ చేయాలనిపించింది. ఎవరికి చేయాలో తోచలేదు. తోచకపోయినా బాధేమీ కలగలేదు. పదహారేళ్లలో ఆమె వేల పనులు చేసింది, అన్నీ మర్నాటికి మళ్లీ మొదలయ్యే పనులే. తోమిన గిన్నె మళ్లీ అంటవుతుంది, ఊడ్చిన వాకిలి మళ్లీ దుమ్మవుతుంది. ఇది అలా కాదు. చిక్కు ఎక్కడుందో వెతికింది, దొరికింది, విప్పింది. ఇక అది విప్పినట్టే ఉంటుంది. ఈ రుచి తను మరిచిపోలేదని తెలిసి లోపల ఎక్కడో చల్లగా అయింది.

అప్పుడే సర్వర్ పేజీ పైన ఎర్రటి గీత కనిపించింది. రెండో డిస్కు పనిచేయడం లేదు. ఎప్పటి నుంచి? ఫిబ్రవరి పదకొండు నుంచి.

వినోద కుర్చీలో వెనక్కి వాలింది. జనవరిలో మెట్ల కింద టక్ టక్‌మని చప్పుడు వచ్చేది. ఆమె వారం రోజులు విని రమాకాంత్‌కు చెప్పింది. “బల్లై ఉంటది” అన్నాడు. సుగుణ కూడా అది మోగినప్పుడల్లా వేలితో నేల మీద తట్టి “సత్యం, సత్యం” అనుకునేది. ఇంట్లో రోజంతా ఉండే వినోదకు ఇంటి చప్పుళ్లన్నీ తెలుసు. ట్యాంకు నిండే చప్పుడు, ఫ్రిజ్ ఆగే చప్పుడు, స్టూడియో తలుపు కిర్రుమనే చప్పుడు. అది బల్లి కాదని ఆమె చెవికి తెలుసు. నోరు మాత్రం “కావచ్చు” అంది. ఫిబ్రవరిలో ఆ చప్పుడు ఆగిపోయింది. బల్లి పోయిందనుకున్నారు. పోయింది డిస్కు. డిస్కు పోతే కబురు పంపేటట్టు హరికృష్ణ అన్నీ సరిగ్గానే పెట్టాడు. ఆ కబురు పోయేది మాత్రం అతను ఎప్పుడో వాడటం మానేసిన మెయిలుకు.

అప్పుడు ఫోన్లో విన్న మాట మళ్లీ చెవిలో మోగింది. మొదటి డిస్కు తుడిచేస్తా, ఫొటోలు రెండోదాంట్లోంచి తెచ్చుకోవచ్చు. రెండోది చచ్చి మూడు నెలలైంది. ఆదివారం అతను వచ్చి, మంచి మనసుతోనే, మిగిలిన ఆ ఒక్క డిస్కునూ తుడిచేసేవాడు. సౌమ్య పెళ్లి ఒక్కటే కాదు, ఆరేళ్ల పెళ్లిళ్లు పోయేవి. 

స్టూడియోలో ఉన్న విడి డిస్కు తెచ్చి తగిలించి, ముందు మరిపెడ పెళ్లిని దాంట్లోకి ఎక్కించడం మొదలుపెట్టింది. పప్పు పొయ్యి మీద పెట్టి వచ్చి చూసింది, ఇరవై శాతం అయింది. అన్నం వార్చి వచ్చింది, నలభై. తర్వాత నలభై దగ్గరే ఆగింది. డబ్బా మీద చెయ్యి పెడితే కాలింది. మే నెల ఎండ, గాలి ఆడని గది.

“అత్తమ్మా, జర ఇటు రాండ్రి. టార్చి పట్టుకోండ్రి.”

సుగుణ మామిడి ముక్కలు వదిలి, మోకాళ్లు పట్టుకుని లేచి వచ్చింది. వినోద కరెంటు తీసేసి, మూత విప్పింది. ఫ్యాను మీద దుమ్ము దూదిలా పేరుకుంది. పైన తుడవమన్నారు కానీ ఈ మూత విప్పమని ఆరేళ్లలో ఆమెకు ఎవరూ చెప్పలేదు. గోడలకు రంగు వేసే కొత్త కుంచె ఒకటుంటే దాంతో మెల్లగా దులిపింది. అరిగిపోయిన బిళ్ల బ్యాటరీ కూడా తీసి దాచింది, సరిగ్గా అలాంటిదే కొత్తది కొనడానికి. టేబుల్ ఫ్యాను తెచ్చి విప్పిన డబ్బా ముందు పెట్టింది. మళ్లీ కరెంటు ఇచ్చి, ఎఫ్ వన్ నొక్కి, మళ్లీ మొదలుపెట్టింది. అత్తాకోడళ్లు ఇద్దరూ ఆ ఇరుకులో పక్కపక్కనే కూర్చుని తెర మీద అంకెను చూస్తున్నారు.

నలభై ఒకటి అయింది. నలభై రెండు.

“ఈ గది ఏందో తెలుసా నీకు?” అంది సుగుణ.

“స్టోరు రూం గద.”

“నేనొచ్చిన కొత్తల ఇది ఫొటోలు కడిగే గది. ఇగో ఇక్కడ ఎర్ర బల్బు ఉండె. మీ మామ తీసేటోడు. కడుగుడంత నాదే.”

వినోద తెర మీంచి కళ్లు తిప్పింది.

“నిజమా అత్తమ్మా? మామయ్యనే కడుగుతుండె అనుకున్న.”

“ఆయినకు ఓపికేడిది? నాలుగు తట్టలు వరసగ పెట్టుకునేదాన్ని. కాయితం మందు నీళ్లల ఏస్తే మొదలు ఏం కనవడది. మెల్లగ ఎంటికెలొస్తయి, కండ్లొస్తయి, ఎనుక మొఖమొస్తది. చీరె అంచు ఆఖరుకొస్తది. అది వచ్చినంకనే తియ్యాలె. జల్ది తీస్తే పాలిపోతది, ఆలిశెమైతే నల్లవడ్తది. నేను మనసుల లెక్కబెట్టేదాన్ని. మీ మామ గడియారం పెట్టినా తప్పేటోడు, నాకు తప్పకపోయేది.” సుగుణ అరచేతులు తిప్పి చూసుకుంది. “మందు నీళ్లకు తోలంత ఊడేది. ఎవలన్న అడిగితే ‘మా ఆమె గిన్నెలు కడిగినట్టే ఫొటోలు కడుగుతది’ అని నవ్వేటోడు. నేను గూడ నవ్వేదాన్ని.”

“ఎన్నేండ్లు చేసిన్రు?”

“ఇరవై రెండేండ్లు. రంగుల ఫొటోలొచ్చి హైదరాబాద్‌కు పంపుడు మొదలైనదాంక.”

హాల్లో గోడ మీద రాజేశ్వర్ రావు తీసిన కాకతీయ తోరణం నలుపు తెలుపు ఫొటో ఉంది. ఏదో పోటీలో బహుమతి వచ్చిన ఫొటో. వచ్చిన ప్రతివాళ్లూ దాని ముందు ఆగి ఆ నీడల గురించి మాట్లాడతారు. ఆ నీడలు ఎంత నల్లగా ఉండాలో ఎవరు లెక్కపెట్టారో పదహారేళ్లలో వినోద అడగలేదు. సుగుణ చెప్పనూ లేదు. బీపీ గోళీలు, మోకాళ్ల నొప్పులు, కూరలో ఉప్పు, ఇవే ఇద్దరి మధ్యా మాటలు. ఈ ముసలమ్మ తనకు అత్తగారిగా మాత్రమే తెలుసు. పనితనం ఉన్న మనిషిగా ఈ రోజే తెలిసింది.  సుగుణ చేతిలో టార్చి వంగిపోతుంటే వినోద తన చెయ్యి కింద పెట్టి ఆన్చింది.

సాయంత్రం నాలుగుంబావుకు నూరు పడింది.

బుధవారం పొద్దున వినోద హన్మకొండ చౌరస్తాకు పోయి కంప్యూటర్ షాపులో కొత్త డిస్కు అడిగింది. కౌంటర్ వెనక మనిషి ఆమె భుజం మీంచి చూశాడు, ఇంకెవరైనా వెనక వస్తున్నారేమోనని.

“సార్‌ను పంపుండ్రి మేడం. తప్పుది కొంటవోతే మళ్ల రిటర్న్ తీస్కోం.”

వినోద బ్యాగులోంచి నోటుబుక్కు తీసి, డిస్కు రకం, సైజు, అది ఎన్ని గంటలు ఆగకుండా తిరగాలో చదివింది. పక్కనే పాత బిళ్ల బ్యాటరీని కౌంటర్ మీద పెట్టి, అలాంటిదే ఒకటి కావాలంది. అతను లోపలికి పోయి రెండూ తెచ్చాడు. “మీరు యాడ పని చేస్తరు మేడం?” అన్నాడు బిల్లు రాస్తూ. “కాశిబుగ్గల స్టూడియోల” అంది వినోద. ఆ మాట ఆమె మొదటిసారి అలా అన్నది. ఆటోలో ఇంటికి వస్తూ దాన్ని మనసులో మళ్లీ రెండుసార్లు అనుకుంది.

మధ్యాహ్నం రమాకాంత్ ఫోన్ చేశాడు. వెనక సన్నాయి మోగుతోంది.

“భానుచందర్ నాలుగుసార్లు చేసిండు. నేను ఎత్తలే. ఏం చెప్పాల్నో సమజైతలేదు వినోదా. ఆ అమ్మాయి శుక్రవారం పోతాంది.”

ఆ గొంతులో అరుపు లేదు. వినోదకు జాలేసింది.

“రేపు రమ్మనుండ్రి. ఫొటోలున్నయి.”

“ఉన్నయా! హరి ఫోన్లనే చేసిండా?”

“లేదు.”

“మరెవలు చేసిండ్రు?”

“నేను.”

సన్నాయి మోగుతూనే ఉంది. “ఏం ముట్టినవ్?” అన్నాడు చివరికి.

“ముట్టాల్సినయన్నీ ముట్టిన” అంది వినోద. అతను నవ్వాడో ఊపిరే వదిలాడో ఆ గోలలో తెలియలేదు.

గురువారం సమ్మమ్మ, భానుచందర్, సౌమ్య వచ్చారు. హాల్లో టీవీ మీద ఫొటోలు ఒక్కొక్కటీ వస్తుంటే సమ్మమ్మ ప్రతిదానికీ కళ్లు ఒత్తుకుంటోంది. అప్పగింతల ఫొటో దగ్గర సౌమ్య తల్లి భుజం మీద తల పెట్టింది. వినోద టీ కప్పులు అందరి చేతికీ ఇచ్చింది.

“ఫోన్ ఎత్తకపోతే బుగులైందన్నా” అన్నాడు భానుచందర్. “ఏమన్న అయిందేమో అనుకున్నం.”

“ఏం కాలె” అన్నాడు రమాకాంత్ సోఫాలో సర్దుకుని. “జర సర్వర్ సతాయించింది. మా తమ్ముడు హైదరాబాద్‌ల సాఫ్ట్‌వేర్. ఆయన పెట్టిన సిస్టం అది, మనకు టీం గూడ...”

“మా కోడలు బాగు చేసింది” అంది సుగుణ.

ఆమె పీట మీద కూర్చుని ఆవాలు చెరుగుతోంది. తల కూడా ఎత్తలేదు. “మంగళారం పొద్దంత గా గదిల కూసోని, డబ్బ ఇప్పి, దులిపి, మీ పెండ్లి మొత్తం తీసింది. నేనే టార్చి పట్టిన.”

రమాకాంత్ ముఖం ఎర్రబడింది. సమ్మమ్మ కప్పు కింద పెట్టి వినోద చేతిని రెండు చేతులతో పట్టుకుంది. “బిడ్డా, నా పిల్ల పెండ్లి పోనియ్యలే నువ్వు” అంది. వినోదకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ చేతులు తన చేతిని ఎంత గట్టిగా పట్టుకున్నాయో, అంత గట్టిగా ఆమె కూడా పట్టుకుంది.

వాళ్లు వెళ్లాక రమాకాంత్ వంటింటి గుమ్మంలో చాలాసేపు నిలబడ్డాడు. “ముందుగాల నాకొక మాట జెప్తే అయిపోవు గద” అన్నాడు. అది థాంక్స్‌కు అతను రాగలిగినంత దగ్గర అని వినోదకు అర్థమైంది. మునుపైతే దాన్ని మెచ్చుకోలుగా మలుచుకుని దాచుకునేది. ఇప్పుడు అలా చేయబుద్ధి కాలేదు. “జనవరిల చప్పుడు గురించి జెప్పిన. మీరు బల్లి అన్నరు” అంది కూర కలుపుతూ.  కాసేపటికి అతను, “ఇప్పుడు రెండో డిస్కు గూడ మంచిగైందా?” అని అడిగాడు. నిజంగా తెలుసుకోవడానికి అడిగాడు. ఆమె చెప్పింది. అతను విన్నాడు.

శుక్రవారం కొత్త డిస్కునూ బ్యాటరీనీ బిగించింది. మొదటి డిస్కులో ఉన్నదంతా కొత్తదాంట్లోకి ఎక్కడానికి ఒక రోజు పైనే పట్టింది. శనివారం మధ్యాహ్నం ఎర్రగీత పోయి పచ్చగా అయింది. ఇక చేయాల్సినవి రెండున్నాయి. కబుర్లు పోయే చోట హరికృష్ణ పాత మెయిలు తీసేసి తన మెయిలు పెట్టింది. రెండోది సర్వర్ పాస్‌వర్డ్. ఆరేళ్ల కింద హరికృష్ణ పెట్టింది. ఇంట్లో అందరికీ తెలుసు, స్టూడియోలో అప్పుడప్పుడు పనికి వచ్చేవాళ్లకు కూడా తెలుసు. వినోద దాని ముందు కాసేపు కూర్చుంది. కోపం ఉందా అని తనను తనే అడిగింది. ఉంది కానీ ఈ పనికి కారణం అది కాదు. ఈ డబ్బా ఎప్పుడు వేడెక్కుతుందో, ఎప్పుడు చప్పుడు చేస్తుందో తెలిసేది దాని పక్కన ఉండే మనిషికి. బాధ్యత ఇన్నాళ్లూ తనదే, చెడిపోతే మాట పడేదీ తనే. తాళం మాత్రం తన దగ్గర లేదు. మార్చింది. కొత్తది నోటుబుక్కులో కూడా రాయలేదు.

ఆదివారం పదకొండింటికి హరికృష్ణ వచ్చాడు. జరిగింది రమాకాంత్ ఫోన్లోనే చెప్పాడట. “సూపర్ వదినా! రెండోది పోయిందని నాకసలు తెల్వనే తెల్వదు. బతికిపోయినం” అన్నాడు మనస్ఫూర్తిగానే. అని మెట్ల కింద స్క్రీన్ ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. “ఒక్కసారి నేను గూడ చూస్త. మీరు చేసిందాంట్ల ఏమన్న తప్పుంటే సరిజేస్త.”

టైపు చేశాడు. తప్పని వచ్చింది. మళ్లీ చేశాడు.

“వదినా, పాస్‌వర్డ్ ఎవలన్న మార్చిండ్రా?”

“నేను మార్చిన.”

“ఏం పెట్టిండ్రు?”

“చెప్ప హరీ.”

హరికృష్ణ పరాచికం అనుకుని నవ్వాడు. రమాకాంత్ తలుపు దగ్గరికి వచ్చాడు. “చెప్పరాదు వినోదా. వాడు పెట్టిందే గద అది.”

హాల్లో సుగుణ చెరుగుతున్న చాట చప్పుడు ఆగింది.  వినోద గొంతు కంప్యూటర్ సెంటర్‌లో ఇరవై మంది పిల్లల ముందు ఉన్నట్టే ఉంది.

“పెట్టింది హరే. కాదంటలేను. దాన్ని సూసుకునేది నేను. ఇగ నుంచి మెయిలు నాకే వస్తది, పాస్‌వర్డు నా తానే ఉంటది. మీకు ఏం గావాల్నో చెప్పుండ్రి, తీసిస్త.”

 సర్వర్ ఫ్యాను మెల్లగా, శుభ్రంగా తిరుగుతోంది. హాల్లో చాట మళ్లీ మొదలైంది. హరికృష్ణ అన్న వైపు చూశాడు. అన్న నేల వైపు చూశాడు. తర్వాత హరికృష్ణ మెడ వెనక రుద్దుకుంటూ కుర్చీలోంచి లేచాడు.

“మా దోస్తు పెండ్లైతాంది వదినా. దీంట్ల పెట్టిన నా బీటెక్ ఫొటోలు కొన్ని గావాలె” అన్నాడు.

వినోద కుర్చీలో కూర్చుని దాన్ని తన ఎత్తుకు సరిచేసుకుంది. అన్నదమ్ములిద్దరూ ఆమె వెనక నిలబడి తెర మీదికి వంగారు.

“జర అటు తిరుగుండ్రి” అంది.

ఇద్దరూ గోడ వైపు తిరిగారు. ఆమె పాస్‌వర్డ్ కొట్టింది.

“ఆఁ, చెప్పు హరీ. ఏ సంవత్సరంవి?”